మంచు కింద చేపలు, గంగాళంలో నా పెండ్లి

మొన్న ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం నా భార్య ఫ్రిజ్ తలుపు తెరిచేసరికి, పై అరలో నేను మూతి దాకా నీళ్లు పోసి బిరడా బిగించి పెట్టి మరిచిపోయిన గాజు సీసా నిలువునా పగిలిపోయి, పెంకుల మధ్య అచ్చం సీసా ఆకారంలోనే ఒక ఐసుముద్ద నిలబడి ఉంది. ఆమె చేయి తెగకుండా పెంకులన్నీ ఏరి పారేసి, ఆ ముద్దను తెచ్చి నా ముందు గిన్నెలో పెట్టి, "నీళ్లు ఐసైతే ఉబ్బుతాయని ఈయనకు ఇంకా ఎవురు సెప్పల్ల?" అని నాతో కాక గోడతో అన్నట్టు అనేసి లోపలికి పోయింది. ఆ మాట అనే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. ఎందుకంటే మా పెండ్లి ఐసు వల్లే చెడిపోబోయి, ఐసు వల్లే కుదిరింది. నా ఈడు వాళ్లలో ఎందరికో జాతకాలు కలవకనో, ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర పేచీ వచ్చో సంబంధాలు తప్పిపోయి ఉంటాయి గానీ, చెరువు పైనుంచి గడ్డకడుతుందా అడుగు నుంచి గడ్డకడుతుందా అన్న తగాదాతో తప్పిపోబోయిన సంబంధం మాత్రం ఆదోని చుట్టుపక్కల నాదొక్కటే అయివుంటుంది.

మాది ఆలూరు వైపు మెట్ట ఊరు. వేరుశనగ, పత్తి, వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వైపు చూపు. ముగ్గురు అన్నదమ్ములలో చిన్నవాణ్ణి కాబట్టి నా వాటాకు వచ్చే నేల నన్ను పోషించదని చిన్నప్పుడే తేలిపోయింది. ఆదోని జిన్నింగు మిల్లుల దగ్గర పత్తి లారీల మీద పడి డ్రైవింగు నేర్చుకుని, ఆ విద్యతోనే మిలిటరీలో డ్రైవరుగా చేరాను. చేరిన రెండో ఏడు నన్ను ఉత్తరాన కొండల్లోకి పంపారు. అంతవరకు నాకు తెలిసిన ఐసు రెండే రకాలు, ఒకటి సోడా అంగట్లో గోనెపట్టా కింద ఊకలో దాచి ఉంచేది, రెండోది పుల్లకు గుచ్చి ఎర్రరంగు వేసి అమ్మేది. అటువంటివాణ్ణి, నెల రోజులు బండితో కింది క్యాంపులో ఉండి తిరిగి వచ్చి, ఒక పొద్దున గుడారం బయటికి వచ్చి చూస్తే, పోయేటప్పుడు అలలు కొడుతున్న చెరువు చెరువంతా బండలాగా గట్టిపడి, దాని మీద ఆ ఊరి పిల్లలు జారుకుంటూ ఆడుకుంటున్నారు. ఒడ్డు నుంచి ఒక కాలు మోపి చూసుకుని, బండ కదలదని తేలాక నేనూ దాని మీద నడిచాను. ఇంతలో ఒక ముసలాయన గడ్డపారతో ఆ బండకు మూరెడు వెడల్పున కంత కొట్టి, అందులోకి దారం వదిలి, నేను బీడీ ఒకటి ముగించేలోపల జానెడు చేపను పైకి లాగాడు. అది బతికి ఉంది. తోక కొట్టుకుంటూ మంచు మీద ఎగిరెగిరి పడింది. పైన బండ, కింద నీళ్లు, ఆ నీళ్లలో ప్రాణం.

ఆ తరువాతి ఎండాకాలంలో రెండు నెలల సెలవు మీద ఇంటికి వస్తే, మా అమ్మ అప్పటికే మేనమామతో చెప్పి సంబంధం చూసి పెట్టింది. ఎమ్మిగనూరుకు ఈవల, నల్లరేగడి పొలాల మధ్య చిన్న ఊరు. పిల్ల పదో తరగతి చదివింది, బొంతలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్న చెయ్యి, పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి ఆమె కుట్టిన బొంత మీద కుట్లు చూస్తే వరిమడిలో నాట్లు వేసినట్టు ఉంటాయని మా మేనమామ బస్సులో పోతున్నంతసేపూ చెప్పాడు. పిల్ల తండ్రి గురించి మాత్రం కాస్త తగ్గి చెప్పాడు. ఆయన బావులు తవ్వే మేస్త్రీ. ఆ ప్రాంతంలో దిగుడుబావులు సగం ఆయన చేతి మీదే దిగాయి. నీళ్ల గురించి ఆయన మాటకు ఎదురు లేదు. మనిషి మంచివాడే గానీ కంటితో చూడనిది నమ్మడు, ఒకసారి అబద్ధం దొరికితే ఆ మనిషి ఇంటి గడప తొక్కడు. దానికి కారణం లేకపోలేదు. పెద్ద కూతుర్ని బళ్లారిలో ఉద్యోగం అని చెప్పినవానికి ఇస్తే, అక్కడ ఉద్యోగమూ లేదు, చెప్పిన ఇల్లూ లేదు. ఆ బిడ్డ మూడేళ్లుగా పుట్టింట్లోనే ఉంది. అందుకని రెండో కూతురి విషయంలో ఆయన వేలిముద్ర వేసే ముందు కాగితం నాలుగుసార్లు చదివించుకునే మనిషిలాగా ఉన్నాడు.

ఇదంతా తెలిసీ నేను నోరు ఊరికే పెట్టుకోలేదు. పెండ్లిచూపుల్లో బొరుగులు, మిరపకాయ బజ్జీలు తిన్నాక, ఆయన నన్ను పరీక్షగా చూస్తూ, అంత దూరం పోయినావు గదా, ఆడ ఏం సూసినావప్పా అని అడిగాడు. పిల్ల తలుపు చాటున నిలబడి ఉందని, ఆమె గాజులు కదిలిన చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. ఆ గాజుల కోసమే అనుకుంటాను, నేను హుషారుగా చెరువు సంగతి ఎత్తుకున్నాను. బండ కట్టిన నీళ్లు, దాని మీద నడిచిన మనుషులు, కంత, దారం, బతికిన చేప, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెప్పేటప్పుడు చేతులు కూడా చాపి చూపించినట్టున్నాను. ఇంటి వాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. తువాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు. మరుసటి రోజు సాయంత్రానికి కబురు వచ్చింది: "పిల్లోడు బాగుండాడు, ఉద్యోగం బాగుండాది. కానీ ఇంకొక అబద్ధాలోనికి బిడ్డను ఇయ్యను."

నాకు తల కొట్టేసినట్టయింది. మేనమామ ఆయన దగ్గరికి పోయి అడిగితే ఆయన వివరంగా చెప్పాడట. ఎండాకాలం బావిలోకి దూకిన ఏ మనిషినైనా అడగండి, పైన నీళ్లు కాగినట్టు ఉంటాయి, కిందికి మునిగేకొద్దీ చల్లబడతాయి, అడుగున కాళ్లు జిల్లుమంటాయి. చల్లనీళ్లు బరువు, కిందికే పోతాయి. అటువంటప్పుడు గడ్డకట్టేది ముందు అడుగునే. అడుగు నుంచి కట్టుకుంటూ పైకి వస్తే చేపకు చోటేది? పైన బండ, కింద చేప అంటున్నాడంటే పిల్లోడు చేపనూ చూడలేదు, చెరువునూ చూడలేదు. ఐసుముక్క సోడాలో తేలుతుంది కదా అని మా మేనమామ అంటే, అది తెచ్చి వేసిన ముక్క, నీళ్లే గడ్డ అయ్యేటప్పుడు యాడ మొదలైతాదో అది సెప్పు అన్నాడట. నేనూ మా ఊరి బావిలో మునిగినవాణ్ణే. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని నా కాళ్లకు తెలుసు. నేను చూసింది నిజమని నా కళ్లకు తెలుసు. రెండూ ఎట్లా నిజమవుతాయో నాకు తెలియదు.

మేనమామ తేలిక దారి ఒకటి చూపించాడు. తమాషాకు అన్నానని ఒక్క మాట చెప్పేస్తే అయిపోతుంది, కుర్రతనం అని నవ్వి ఊరుకుంటారు, పిల్ల దక్కుతుంది. మా అమ్మ కూడా, ఆ పాడు చెరువును అక్కడే వదిలేసి రాకుండా ఇంటిదాకా ఎందుకు మోసుకొచ్చావని రెండు పూటలు తిట్టింది. చెప్పేద్దామని నాకూ అనిపించింది, దాచడం ఎందుకు. కానీ అబద్ధాలోడు అన్న పేరు పోగొట్టుకోవడానికి మొట్టమొదటి అబద్ధం ఆడటమేమిటని మొండికేశాను. ఆ గాజుల చప్పుడు తప్ప పిల్లను సరిగ్గా చూసింది కూడా లేదు, అయినా ఆమె నన్ను అబద్ధాలోడు అనుకుంటూ ఇంకొకరి బొంతలు కుడుతూ బతుకుతుందన్న ఊహ నాకు ముద్ద దిగనివ్వలేదు. సెలవు ఇంకా ఇరవై రోజులు ఉంది.

ఆయన పత్తి అమ్ముకోవడానికి ఆదోని మార్కెట్ యార్డుకు వస్తాడని తెలుసుకుని, ఆ రోజు పొద్దున్నే పోయి గేటు దగ్గర కాపు కాశాను. చూసి మొహం తిప్పుకున్నాడు. నేను చేతులు కట్టుకుని, ఒక్క గంట నాతో రండి, ఐసు ఎట్లా కడుతుందో కళ్లారా చూద్దాం, నేను చెప్పింది తప్పైతే మళ్లీ మీ ఊరి పొలిమేర తొక్కను అన్నాను. కళ్లారా అన్న మాటకు ఆయన లొంగాడు. ఇద్దరం ఐసు ఫ్యాక్టరీకి పోయాం. ఆ రోజుల్లో అక్కడ పెద్ద తొట్టిలో ఉప్పునీళ్లు నింపి, వాటిని మిషన్లతో గడ్డకట్టేదానికంటే చల్లగా చేసి, అందులో నీళ్లు నింపిన పొడుగాటి రేకు డబ్బాలు దించేవారు. నేను అక్కడి మేస్త్రీని బతిమాలి, సగం మాత్రమే కట్టిన డబ్బా ఒకటి పైకి తీయించాను. ఐసు డబ్బా నాలుగు గోడలకూ కట్టింది, అడుగున అరచేతి మందాన కట్టింది, నీళ్లు మిగిలింది మధ్యలోనూ, పైన కూడానూ! ఆయన డబ్బాలోకి తొంగి చూసి, నా వైపు చూసి, "అడుగున కట్టింది సూసినావా? కళ్లుండాయి గదా నీకు" అని, కోపం కూడా లేకుండా, జాలిగా అనేసి వెళ్లిపోయాడు. ఆ జాలి నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. రుజువు చూపిస్తానని నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, నా మెడకు నేనే ఉరి బిగించుకున్నాను.

ఇంక అయిపోయిందనుకుని ట్రంకుపెట్టె సర్దుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున పిల్ల అవ్వ, అంటే ఆ బావుల మేస్త్రీ తల్లి, ఆదోనిలో బంధువుల ఇంటికి వచ్చానని చెప్పి మా ఇంటికి వచ్చింది. వచ్చిన పని అది కాదని ఆమె కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "మా పాప ఒక మాట అడగమనె" అంది. తండ్రి ఇంట్లో చెప్పిన ఫ్యాక్టరీ సంగతి ఆ పిల్ల విని, ఒక రాత్రంతా బొంత కుడుతూ ఆలోచించిందట. డబ్బాకు చలి యాడనుంచి వచ్చె? నాలుగు పక్కల నుంచి, అడుగు నుంచి. చెరువుకు పక్కలా అడుగునా ఉండేది మన్ను, మన్ను బొంత లెక్క. చలి వచ్చేది పైన గాలి నుంచే. మరి డబ్బాకు బొంత సుట్టి, పైన ఒక్కటే సలి పెడితే ఏమైతాదో సూసినారా అని. అంతే ఆమె అడగమన్నది. చూడలేదని నేను ఒప్పుకున్నాను. మంచు మీద నడిచినవాణ్ణి నేను, నిలబడి లోపలి సంగతి ఆలోచించింది ఆమె. అవ్వ పోతూ పోతూ, ఆదివారం నా కొడుకు ఇంట్లోనే ఉంటాడు, నేను ఒప్పిస్తా, నువ్వు ఐసు తీసుకుని రా అని చెప్పింది.

అప్పటికి సెలవు నాలుగు రోజులే మిగిలింది. ఆదివారం తెల్లవారకముందే ఫ్యాక్టరీకి పోయి పెద్ద ఐసు దిమ్మె ఒకటి కొన్నాను. ఉప్పు కలిపితే ఐసు ఇంకా ఎక్కువ చల్లబడుతుందని ఫ్యాక్టరీ మేస్త్రీ చెప్పి, రాళ్లుప్పు కూడా మూటగట్టి ఇచ్చాడు. మొన్నటి అవమానం ఆయన కళ్లముందే జరిగింది కదా, నాకంటే ఆయనకే పంతం ఎక్కువైనట్టుంది. దిమ్మెను గోనెలో వేసి, ఊక కూరి, దాని మీద మా అమ్మ బొంత చుట్టి ఎమ్మిగనూరు బస్సు ఎక్కించాను. బస్సులో జనం నవ్విన నవ్వు ఇంతా అంతా కాదు. ఐసుకు బొంత కప్పితే ఉక్కపోసి కరిగిపోదా అని ఒకరు, పాపం దానికి చలి జ్వరమేమో అని ఒకరు. కండక్టరు మాత్రం మనిషికి టిక్కెట్టు, జబ్బు మనిషికి సగం టిక్కెట్టు అంటూ నాకు ఒకటిన్నర టిక్కెట్టు కొట్టి పోయాడు. బొంత మనిషికి వెచ్చదనం ఇవ్వదు, లోపలి వేడిని బయటికి, బయటి వేడిని లోపలికి పోనివ్వదు, అంతే. ఆ సంగతి దిగేటప్పుడు తెలిసింది, దిమ్మె చెక్కుచెదరలేదు.

వాళ్ల పెరట్లో అప్పటికే ఏర్పాట్లు జరిగి ఉన్నాయి. లోతైన ఇత్తడి గంగాళానికి చుట్టూ, అడుగునా దూది పరిచి, దాని మీద మూడు బొంతలు చుట్టి, తాళ్లతో బిగించి పెట్టారు. ఆ మూడు బొంతలూ ఆ పిల్ల కుట్టినవే. ఆమె తండ్రి, సాక్ష్యం ఉండాలని కాబోలు, ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పే అయ్యవారిని పిలిపించి మంచం వేసి కూర్చోబెట్టాడు. ఊళ్లో సగం మంది గోడలెక్కి చూస్తున్నారు. ముందు కొంత ఐసు నీళ్లలోనే కరిగించి గంగాళాన్ని చల్లబరిచి, తరువాత వెడల్పాటి లోతు పళ్లెం ఒకటి దాని మూతి మీద, అడుగు నీళ్లను తాకేటట్టు కూర్చోబెట్టి, ఆ పళ్లెంలో పగలగొట్టిన ఐసూ ఉప్పూ నింపాం. పిల్ల తండ్రి తమ ఊరి బావిలోంచి చిన్న కుండలో రెండు చేపలు కూడా తెప్పించాడు, వీటిని కూడా వేయి, బతుకుతాయో లేదో తేలిపోతుంది అన్నాడు. నేను వద్దన్నాను. ఆ కొండల చేపలకు ఆ చలి పుట్టుకతో అలవాటు, మన బావి చేపలు తట్టుకోలేవు, చచ్చిపోతాయి, నా పెండ్లి కోసం వాటిని చంపను అన్నాను. తప్పించుకుంటున్నావా అని గోడ మీదివాళ్లు అరిచారు. ఆయన మాత్రం నా మొహం వైపు కొంచెంసేపు చూసి, కుండను పక్కన పెట్టించాడు.

పొద్దున మొదలుపెట్టింది, మధ్యాహ్నం దాటే దాకా నడిచింది. అవ్వ పళ్లెంలో కరిగిన నీళ్లు తోడి పారబోయడం, నేను కొత్త ఐసు కొట్టి వేయడం, అయ్యవారు మంచం మీద కునుకు తీయడం. గోడల మీది జనం సగం మంది అన్నాలకు పోయి మళ్లీ వచ్చారు. చివరికి ఆయన ఇంక చాలు తీయమన్నాడు. పళ్లెం లేవలేదు, అతుక్కుపోయింది. పైన రెండు చెంబుల నీళ్లు పోస్తే టప్పుమని ఊడి వచ్చింది. గంగాళం మూతినిండా, అంచు నుంచి అంచు దాకా, వేలి మందాన అద్దం లాంటి ఐసు పొర. ఆయన దాన్ని పిడికిలితో పగలగొట్టి, చొక్కా చేయి భుజం దాకా ఎత్తి, చెయ్యి మొత్తం లోపలికి దించాడు. అడుగంతా తడిమాడు. అడుగున ఐసు లేదు. చెయ్యి అక్కడే ఉంచి, కళ్లు మూసుకుని, బావిలో ఊట దొరికిందా అని చూసే మనిషిలాగా ఉండిపోయాడు. అయ్యవారు లేచి వచ్చి థర్మామీటరు ముందు అడుక్కూ, తరువాత ఐసు కిందికీ పెట్టి చూశారు. అడుగున నాలుగు డిగ్రీలు, ఐసును ఆనుకుని ఒక డిగ్రీ. అంటే పైనే ఎక్కువ చలి, కిందే తక్కువ. ఆ అంకెలు వినక ముందే ఆయన కళ్లు తెరిచి, "కింద సలి తక్కువుండాది" అన్నాడు. నలభై ఏళ్లు నీళ్లలో బతికిన మనిషి మాట అది.

తరువాత ఆయన చేసిన పని నేను ఎన్నటికీ మరిచిపోను. తడిసిన చెయ్యి తుడుచుకోకుండానే, గోడల మీది జనం వైపు తిరిగి, "ఈ పిల్లోడు అబద్ధం ఆడల్యా. తప్పు నాది" అని అందరికీ వినబడేటట్టు చెప్పాడు. ఇంట్లో నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చు. అట్లా చేయలేదు. పేరు ఊరందరిలో చెడింది కాబట్టి ఊరందరిలోనే బాగు కావాలన్నది ఆయన లెక్క. అప్పుడు తలుపు దగ్గర గాజులు మళ్లీ కదిలాయి. ఈసారి నేను తల తిప్పి నిండుగా చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, గంగాళంలోకి చూస్తోంది. ఆమెకు నాకంటే ఐసు పట్ల ఆసక్తి ఎక్కువని నేను అనుకోవడం అప్పుడు మొదలై, నలభై ఏళ్లు దాటినా మానలేదు.

అయ్యవారు ఆ పూట వాళ్లింట్లోనే భోంచేసి, తీరుబడిగా అంతా విడమరిచి చెప్పారు. నీళ్లు చల్లబడేకొద్దీ దగ్గరపడి బరువెక్కుతాయి, కిందికి దిగుతాయి. అంటే బావి గురించి పిల్ల తండ్రి చెప్పింది తప్పు కాదు. కానీ నాలుగు డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు ఎదురు తిరుగుతాయి, అక్కడి నుంచి ఇంకా చల్లబడితే బరువెక్కడం మాని ఉబ్బి తేలికవుతాయి, గడ్డకడితే మరింత ఉబ్బుతాయి. అందుకే బరువైన నాలుగు డిగ్రీల నీళ్లు అడుగున కూర్చుంటాయి, తేలికైన మంచు పైన తేలుతుంది. మన సీమ బావుల్లో నీళ్లు ఆ నాలుగు దాకా ఎన్నడూ పోవు కాబట్టి ఆ ఎదురుతిరగడం మన కంట పడదు. తేలే ఆ మంచే చెరువుకు బొంత. పైన గాలి ఎంత కొరికినా ఆ చలిని లోపలికి తొందరగా దిగనివ్వదు, చేపలు అడుగున చలికాలమంతా కదలకుండా బతుకుతాయి. అదే మంచు గనుక రాయిలాగా మునిగేదైతే, ప్రతి చలికాలమూ అడుగున పేరుకుని, ఎండాకాలపు వేడి అంత లోతుకు చేరక, ఏడాదికేడాదికీ చెరువు మొత్తం గడ్డయి, అందులో ప్రాణమన్నదే మిగిలేది కాదు. చల్లటి సముద్రాల్లో కూడా అంతేనట. ఉప్పునీళ్ల లెక్క కొంచెం వేరు గానీ, అక్కడా మంచు పైనే తేలుతుంది, గడ్డకట్టేటప్పుడు ఉప్పును కిందికి విడిచిపెడితే ఆ బరువైన నీళ్లు లోతుకు దిగి ప్రాణవాయువును అడుగు దాకా తీసుకుపోతాయి. మంచు అడుగుభాగానికి నాచు పడుతుంది, ఆ నాచును చిన్న రొయ్యలాంటి పురుగులు తింటాయి, వాటిని చేపలు, చేపలను ఇంకా పెద్దవి. ఒక్క ఎదురుతిరగడం మీద ఇంత లోకం నిలబడి ఉందా అని పిల్ల తండ్రి అడిగాడు. అయ్యవారు అవునన్నారు. ఆ రోజు నుంచి నేను పిల్ల తండ్రిని మామా అని పిలవడం మొదలుపెట్టాను.

పెండ్లి మరుసటి ఏడు సెలవుకు జరిగింది. ఆ ఏడాదంతా మాకు ఉత్తరాలు నడిచాయి. నలుగురూ రాసుకునే ఉత్తరాలు కావవి. మంచు కింద చేపలకు గాలి యాడిది అని ఆమె రాస్తే, నేను డ్యూటీ లేని రోజున ఆ కంత దగ్గర బోర్లా పడుకుని లోపలికి చూసి, మంచులోంచి వెలుతురు దిగుతోందని, కింద పచ్చటి నాచు కనబడుతోందని, చేపలకు గాలి ఇచ్చేది అదేనేమోనని రాశాను. పోయిన ఉత్తరంలో మంచు ఎంత మందమో రాయలేదని ఆమె కోప్పడింది. తోటి డ్రైవర్లు, పెండ్లికూతురికి రాసే ఉత్తరంలో మూరలూ బెత్తలూ ఏమిట్రా అని నా చేతిలో కాగితం గుంజుకుని చదివి, విసుగుతో తిరిగి ఇచ్చేసేవాళ్లు. మిలిటరీ నుంచి వచ్చాక ఆదోనిలోనే లారీ నడుపుకుంటూ స్థిరపడ్డాం. ఆమె అక్క, అదే బళ్లారి సంబంధం చెడినామె, ఎమ్మిగనూరులో బొంతలు, పిల్లల పక్కలు కుట్టించే పని పెట్టుకుని, పది మంది ఆడవాళ్లకు పని చూపించింది.

ఇప్పుడు చాలా మారిపోయాయి. మామ తవ్విన బావుల్లో సగం పూడిపోయాయి, మిగిలినవాటి పక్కనే బోర్లు దిగాయి, నీళ్లలో దూకి అడుగు చల్లదనం కాళ్లతో తెలుసుకున్న పిల్లలు మా వీధిలో ఒక్కరూ లేరు. నాతో పనిచేసినవాడొకడు ఈమధ్య ఆ కొండల వైపు పోయి వచ్చి, మనం నడిచిన మంచు ఇప్పుడు అంత మందాన కట్టడం లేదు, కొన్ని ఏళ్లయితే పిల్లల్ని దాని మీదికి పోనివ్వడం లేదని చెప్పాడు. వింటే దిగులు వేసింది. అయినా నాకు ఆశ చావలేదు. పోయిన ఏడు మా మనవరాలి బడిలో అడిగితే, నా భార్య గంగాళమూ పళ్లెమూ మోయించుకుని పోయి అదంతా చేసి చూపించింది. పిల్లలు ఒకరి తరువాత ఒకరు చెయ్యి అడుగు దాకా దించి, కింద చలి తక్కువుందని కేకలు పెట్టారు. ఒక పిల్ల మాత్రం కేక పెట్టకుండా, మరి ఆ మంచు ఇంకా పలచబడితే ఏమైతాది, మనమేం చెయ్యల్ల అని అడిగింది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు పుడుతున్నంతకాలం దారి దొరక్కపోదని నా నమ్మకం.

మామ చివరి రోజుల్లో ఒకసారి ఆయన్ను కంటి డాక్టరుకు చూపించడానికి ఎమ్మిగనూరు తీసుకుపోయాను. బస్టాండు దగ్గర హోటల్లో టీ తాగుతుంటే, ఆయన పాత స్నేహితుడొకడు కనబడి, నన్ను చూసి పాత కథ గుర్తు చేసుకుని, పక్కబల్ల మీది వాళ్లకు చెప్పాడు. వాళ్లు మమ్మల్ని ఎరగనివాళ్లు. చెరువు మీద నడిచినాడంట, కింద చేపలంట అని పడిపడి నవ్వారు. మామ గ్లాసు కింద పెట్టి, "నడిచినాడు. నేను సూసినా" అన్నాడు. ఆ గొంతుకు వాళ్ల నవ్వు ఆగిపోయింది. బయటికి వచ్చాక నేను ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, మామా, నువ్వు గుంతకల్లు కూడా దాటలేదు గదా, ఆ చెరువును ఎప్పుడు చూశావు అని నవ్వుతూ అడిగాను. ఆయన నవ్వలేదు.

"నిన్ను సూసినా గదప్పా" అన్నాడు.

మామ పోయి చాలా ఏళ్లయింది. కళ్లతో చూడనిది నమ్మని మనిషి, నా కళ్లను తన కళ్ల కింద జమకట్టుకున్నాడని నాకు అర్థం కావడానికి ఆ రోజు ఇంటికి వచ్చేదాకా పట్టింది. ఈ కాలంలో ఏ మూల జరిగినదైనా ఎవరికి వారు అరచేతిలో చూసుకుంటున్నారు, మంచిదే, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ నేను చూసినదాన్ని తాను చూశానని చెప్పి నిలబడే మనిషి మాత్రం ఇప్పుడు నాకు ఒక్కతే మిగిలింది, ఆమె కూడా ఆ మాట నాతో కాక గోడతోనే చెబుతుంది.